నల్లరంగు కింది పేరు

యాన్బు
2025 జనవరి 10, శుక్రవారం

పొద్దుటి నుంచి సముద్రం మీది గాలి దుమ్ముతో కలిసి కొడుతోంది. చలిగా ఉంది. గదిలో ఏసీ జాలీ విప్పి, కడిగి, కిటికీలో ఆరబెట్టాను.

చెల్లె భాగ్యలక్ష్మీ,

నేను బాగున్నాను. మీ అత్త ముత్యవ్వ మోకాళ్లకు నూనె పంపాను. రాత్రిపూట రాయి, పగలు రాస్తే బట్టలకు అంటుతుంది.

మొన్న ఫోన్లో నువ్వు, "ఆయన ఫైలు అసెంబ్లీ కమిటీ అడిగిందట అన్నా" అనగానే పెట్టేశాను. కోపం కాదు. ఈ సిమ్ కంపెనీ ఇచ్చినది. ఎవరు వింటారో, ఎవరు వినరో నాకు తెలియదు. అలాంటి మాటలు ఇకమీద కాగితం మీదే రాయి. ఇస్మాయిల్‌కు జెద్దా బలద్ బజారులో కార్గో దుకాణం ఉంది కదా, నెలకోసారి మెట్‌పల్లి వచ్చిపోతుంటాడు. అతని చేతికి ఇవ్వు. ఈ ఉత్తరమూ అతనే తెస్తున్నాడు.

ఆ ఫైలు సంగతి నీకు ఎవరు చెప్పారు? ఎందుకు చెప్పారు? బావ నాగేందర్ పోయి మూడో ఏడు నడుస్తోంది. ఇప్పుడే వాళ్లకు ఎందుకు గుర్తొచ్చాడు? రహస్యం అని ముద్ర వేసి బీరువాలో పెట్టిన రిపోర్టును ఊరికే ఎవరూ బయటికి తీయరు. తీసేవాడికి దానితో ఏదో పని ఉంటుంది. ఆ పని నీ పని కాకపోవచ్చు.

ఇక్కడ పని మామూలే. రాత్రికి పప్పు నానబెట్టాను.

మీ అన్న,
రాజేశం


కోరుట్ల
జనవరి 27

అన్నకు భాగ్యలక్ష్మి దండాలు.

నూనె అందింది. అత్త పగలే రాసుకుంటోంది. చీరలన్నీ మరకలు. చెబితే వినే మనిషి కాదు.

నీ ఉత్తరం చదివితే నువ్వు ఏం కడిగావో, ఏం నానబెట్టావో తెలుస్తుంది. నీ మనసులో ఏముందో మాత్రం తెలియదు. ఎప్పుడూ ఇంతే. అయినా ఈసారి ఒక్క మాట జారావు. ఆ రిపోర్టు మీద రహస్యం అని ముద్ర ఉందని నీకెలా తెలుసు అన్నా? నేను చెప్పలేదు. నాకే మొన్న తెలిసింది.

మన జగిత్యాల కోర్టులో శ్రీలత అని వకీలు మేడం ఉంది. గల్ఫ్‌లో పోయిన వాళ్ల ఇళ్లన్నీ తిరిగి సంతకాలు పెట్టించి, అసెంబ్లీ పిటిషన్ల కమిటీకి అర్జీ పెట్టింది. రెండేళ్ల కింద మన ప్రభుత్వం ఇద్దరు ఆఫీసర్లను అక్కడికి పంపిందట. వాళ్లు పనివాళ్లను కలిసి, వాంగ్మూలాలు తీసుకుని రిపోర్టు రాశారట. అది అప్పటి నుంచి మూసే ఉంది. కమిటీ గట్టిగా అడిగితే సీలు వేసిన కవరులో ఇచ్చారు. ఒక గదిలో కూర్చుని మెంబర్లే చదవాలట. లోపలికి పెన్ను కూడా తీసుకుపోనివ్వలేదట. బయట చెప్పకూడదట. కానీ కమిటీ తన నివేదికకు దాన్ని జతచేసి సభ ముందు పెడితే ఇక గోప్యత ఉండదు, ప్రభుత్వం వద్దన్నా ఆగదు అని మేడం చెప్పింది.

నాకు నిద్ర పట్టనివ్వనిది మాత్రం వేరే మాట. ఒక మెంబరు మేడంతో ఇంతే అన్నాడట: "ఆ అమ్మాయి సొంత మనిషి మాటలే అండ్ల ఉన్నయ్. ఇంతకంటె నేను చెప్పొద్దు."

నా సొంత మనిషి అక్కడ నువ్వు తప్ప ఎవరున్నారు?

అత్తతో అనకుండా ఉండవలసింది, అన్నాను. ఆమె చేట కింద పెట్టేసింది. "ఇంకేంది, మీ అన్ననే చెప్పిండు నా కొడుకు తాగి పడ్డడని. గందుకే గుండె ఆగి సచ్చిండని రాసిండ్రు. గందుకే మీ అన్నను ఫోర్‌మన్ చేసిండ్రు. కండ్ల ముంగట కనవడ్తలేదా?" అంది. నేను గొడవ పెట్టుకున్నాను. కానీ ఆయన పోయిన ఏడాదే నిన్ను ఫోర్‌మన్ చేశారన్నది నిజమే కదా. అది ఎందుకో నాకు ఎప్పుడూ చెప్పలేదు.

ఏం చెప్పావు అన్నా? ఎవరికి చెప్పావు?

నీ చెల్లె,
భాగ్యలక్ష్మి

ఇంకో మాట. అంగన్‌వాడీలో నాకు ఈ నెల నుంచి రెండు పూటలూ డ్యూటీ. ఫోన్ చేస్తే సాయంత్రమే చెయ్యి. చేసి, "బాగున్న, పని ఉంది" అని పెట్టేసేది అయితే చేయకు.


యాన్బు
ఫిబ్రవరి 14, శుక్రవారం

మబ్బు. మధ్యాహ్నం నాలుగు చినుకులు పడి ఆగింది. బూట్ల అడుగు ఊడితే బంక పెట్టి, ఇటుక కింద అదిమి ఉంచాను.

చెల్లె భాగ్యలక్ష్మీ,

ఉత్తరం అందింది. కవరు మూత ఒకసారి విప్పి మళ్లీ అంటించినట్టుంది. సరే.

నేను ఏ బడికీ పోలేదు. బస్సుల మీది పేర్లు, సిమెంటు బస్తాల మీది రాతలు చూసి అక్షరాలు కూడబలుక్కున్నవాణ్ని. అందుకే ఒక్కో మాటను ఆగి ఆగి చదువుతాను. 'గోప్యత', 'జతచేసి', 'వాంగ్మూలాలు' అని రాశావు. ఇవి నీ నోట్లో మాటలు కావు. పక్కన ఎవరో కూర్చుని చెబుతుంటే రాసినట్టుంది. ఆ వకీలు మేడం ఏ పార్టీ మనిషి? ఈ ఏడు సర్పంచి ఎన్నికలు ఉన్నాయంటున్నారు. అన్నీ కలిపి చూసుకో.

ఇది నువ్వే రాశావని నాకు నమ్మకం కలగాలి. చిన్నప్పుడు నేను నిన్ను ఏమని ఏడిపించేవాణ్నో వచ్చే ఉత్తరంలో రాయి.

ఫోర్‌మన్ సంగతి వేరు. పాత ఫోర్‌మన్ కేరళ వెళ్లిపోయాడు. ఎవరినో ఒకరిని చేయాలి కదా.

నువ్వు అడిగిన మిగతా వాటికి నా దగ్గర జవాబు లేదు. తెరిచిన డబ్బాను మళ్లీ మునుపటిలా మూయలేము. ఆ కమిటీ వాళ్లు హైదరాబాదులో కూర్చుని తెరుస్తారు. ఇక్కడ ఎవరి మీద ఏం పడుతుందో వాళ్లకు తెలియదు. కొన్నాళ్లు ఓపిక పట్టమని చెప్పు.

ఖాసిం నిన్ను అడిగినట్టు రాయమన్నాడు. నా పక్క మంచం కడప అబ్బాయి, నాగేందర్ పెట్టెను విమానం దాకా సాగనంపినవాడు. కొత్తిమీర బాగా దొరుకుతోంది.

మీ అన్న,
రాజేశం


కోరుట్ల
మార్చి 3

రాజేశం అన్నకు,

గిన్నెకోడి. నేను గట్టిగా అరుస్తానని గిన్నెకోడి అనేవాడివి. సరిపోయిందా? ఇంకేమైనా పరీక్ష ఉంటే పెట్టు, రాస్తాను. కాళ్ల పట్టీలు ఎక్కడ పోగొట్టుకున్నానో చెప్పనా?

ఆ మాటలు నావే. అంగన్‌వాడీ రిజిస్టర్లు ఎనిమిదేళ్ల నుంచి నేనే రాస్తున్నాను. మీ బావ పోయాక ఎన్ని ఆఫీసులు తిరిగానో నీకు తెలుసు. తిరిగిన చోటల్లా ఒక్కో మాట అంటుకుంది. చెల్లెలు నాలుగు మాటలు నేర్చుకుంటే వెనక ఎవరో ఉన్నారనే అనుకుంటావా?

నీ ఉత్తరంలో నేను అడిగినదానికి జవాబు లేదు. కొత్తిమీర ఉంది.

అత్త నీ ఉత్తరం చదివించుకుని విన్నది. "జూసినవా? చెప్పలేదని కూడ అంటలేడు" అంది. ఆ మాటకు ఈసారి నేను గొడవ పెట్టుకోలేదు. పెట్టుకోవడానికి నా దగ్గర ఏముంది?

ఇప్పుడు శ్రద్ధగా చదువు. ఈ సమావేశాల చివరి రోజు మార్చి 27. ఆ రోజే రిపోర్టును సభ ముందు పెట్టాలా వద్దా అని కమిటీ తేలుస్తుంది. మెంబర్లలో కొందరు, సాక్షులు ఇంకా అక్కడే పనిచేస్తున్నారు, వాళ్ల సంగతేమిటి అన్నారట. అందుకని ఎవరికైనా అభ్యంతరం ఉంటే ఇంటివాళ్ల ద్వారా రాసి ఇవ్వమన్నారు. రాయకపోతే అభ్యంతరం లేనట్టే.

నువ్వు వద్దంటే నేను ఆ కాగితం తీసుకుపోయి ఇస్తాను. ఆపిస్తాను. ఒట్టు. కానీ ఎందుకు వద్దంటున్నావో నాకు తెలిసిపోతుంది. ఆ తర్వాత నా ఇంటికి రావద్దు. రాయకపోతే, దాచడానికి నీకేమీ లేదని అనుకుంటాను.

మీ బావ గుండె జబ్బుతో పోయాడని కంపెనీ కాగితం. తాగి పోయాడని ఊరి మాట. అది విన్నప్పుడల్లా నీ మేనకోడలు గదిలోకి వెళ్లి తలుపు వేసుకుంటుంది. నాకు కావలసింది ఆ తలుపు తెరుచుకోవడమే. సర్పంచి ఎన్నికలు కాదు.

భాగ్యలక్ష్మి


యాన్బు
మార్చి 14, శుక్రవారం

ఎండ మొదలైంది. రంజాన్ రోజాలు నడుస్తున్నాయి కాబట్టి పగలు క్యాంపు అంతా నిశ్శబ్దం. దుప్పట్లు దులిపి, ఒక కొత్తది నీ కోసం మడతపెట్టాను.

చెల్లె భాగ్యలక్ష్మీ,

ఈ ఉత్తరం ఇస్మాయిల్ చేతికి ఇవ్వడం లేదు. కవరు విప్పిన సంగతి నాకు ఇంకా తేలలేదు. అతని దుకాణానికి మా కంపెనీ వాళ్లు కూడా సరుకు వేస్తారు. అందుకని మన మెట్‌పల్లి అంజన్నకు ఇస్తున్నాను. ఎల్లుండి సెలవు మీద బయలుదేరుతున్నాడు. చేతి సంచీలో పెట్టుకోవద్దు, చెకింగులో బయటపడుతుంది, దుప్పటి మడతలో పెట్టు అని చెప్పాను. వారంలో నీకు చేరుతుంది. 27కు చాలా ముందే.

నేను చెప్పాను. నీకు చెప్పలేదు కానీ ఆ ఆఫీసర్లకు చెప్పాను.

పంటి నొప్పి అని సెలవు పెట్టి జెద్దా వెళ్లాను. బలద్‌లో ఒక లాడ్జి. కింద యాత్రికుల పెట్టెలు గోడ దాకా పేర్చి ఉన్నాయి. పై గదిలో ఇద్దరు ఆఫీసర్లు. పేరు ఎక్కడా రాదు, దీని మీద రహస్యం అని ముద్ర పడుతుంది అని వాళ్లే చెప్పారు. నీకు నేను జారిన మాట అదే.

ట్యాంకు లోపల కడగడానికి మనిషి దిగితే, బయట మ్యాన్‌హోల్ దగ్గర ఒకడు నిలబడాలి. లోపలి మనిషి మీది నుంచి కన్ను తీయకూడదు. ఆ నిలబడేవాణ్ని హోల్ వాచ్ అంటారు. ఆ రోజు హోల్ వాచ్ నేనే.

దిగేముందు గ్యాస్ కొలిచేవాడు వచ్చి చూడాలి. చూశాకే పర్మిట్ మీద సంతకం. ఆ రోజు అతను రాకముందే సంతకం పడింది. నేను సూపర్‌వైజర్‌తో, "గ్యాస్ నహీ దేఖా సార్, అభీ మత్ భేజో" అని, ఇప్పుడే దింపొద్దన్నాను. "యల్లా యల్లా, టైం నహీ హై" అని తొందరపెట్టాడు. నాగేందర్ నవ్వుతూ, "బావా, నువ్వు బయట ఎండల మాడు, నేను లోపట సల్లగ ఉంట" అని దిగాడు. కాసేపటికి పిలిస్తే పలకలేదు. సీటీ ఊదాను. గాలి సిలిండర్ లేకుండా వెనక దిగితే రెండో మనిషీ పోతాడు, అది రూలు. నేను దిగబోతే ఖాసిం నడుం పట్టుకుని ఆపాడు. సిలిండర్ల వాళ్లు వచ్చేసరికి అయిపోయింది.

తాగలేదు. ఆ పొద్దున మేమిద్దరం ఒకే గిన్నెలో తిన్నాం. ఇదంతా చెప్పాను. వాళ్లు రాసుకున్నారు.

నీకు ఎందుకు చెప్పలేదంటే, నీకు చెబితే నువ్వు ఊరుకోవు. ఊరుకోకూడదు కూడా. కానీ నేను ఇంకా వీళ్ల ఇకామా మీద ఉన్నాను, ఈ దేశంలో ఉండనిచ్చే కాగితం వీళ్ల చేతిలోనే ఉంది. నన్ను ఫోర్‌మన్ చేసింది నోరు మూయించడానికే అయి ఉంటుంది. వాళ్లు ఎప్పుడూ అడగలేదు, నేనూ చెప్పలేదు.

పేర్లు నల్లగా పూసి రిపోర్టు ఇస్తారని ఖాసిం అంటున్నాడు. పూయనీ. మ్యాన్‌హోల్ దగ్గర నిలబడేది ఒక్కడే. 'హోల్ వాచ్ చెప్పాడు' అని ఉంటే చాలు, ఇక్కడ అది నా పేరే. హైదరాబాదులో ఆ సంగతి ఎవరికి తెలుస్తుంది?

కాబట్టి వద్దు అనడం లేదు. ఆగమంటున్నాను. రంజాన్ పండుగ కాగానే పని వదిలి ఇంటికి రావడానికి ఫైనల్ ఎగ్జిట్‌కు పెడతాను. విమానం దిగాక ఆ కమిటీ ముందు నేనే నిలబడి నా నోటితో చెబుతాను. పేరు పూయనక్కర లేదు. అంతవరకు ఆపించు. ఇదే నా కాగితం, తీసుకుపోయి ఇవ్వు.

ముత్యవ్వను ఏమీ అనకు. కొడుకు పోయిన మనిషి.

మీ అన్న,
రాజేశం


కోరుట్ల
ఏప్రిల్ 1

అన్నా, నా అన్నా,

ఎక్కడ మొదలుపెట్టాలో తెలియడం లేదు. నువ్వు ఎదురుగా ఉంటే కాళ్లు పట్టుకునేదాన్ని.

27 దాకా ఎదురుచూశాను. నీ దగ్గరి నుంచి ఏమీ రాలేదు. అంజన్న చేత దుప్పటి పంపానని ఫోన్లో అన్నావు కదా, వాళ్ల ఇంటికి పోయి అడిగాను. సెలవుకు వచ్చి తిరిగి పోవడానికి కావలసిన రీఎంట్రీ కాగితం రాలేదని బలద్‌లోనే ఆగిపోయాడట. దుప్పటిదేముంది, ఎప్పుడైనా వస్తుంది. ఉత్తరమే రాలేదు. అంటే అభ్యంతరం లేదనే అనుకున్నాను. మేడం కాగితం మీద అదే రాసింది, నేను సంతకం పెట్టాను.

మేడం నన్నూ అత్తనూ హైదరాబాదు తీసుకుపోయి పాసులు ఇప్పించింది. పైన గ్యాలరీలో కూర్చున్నాం. కింద కొందరు మాట్లాడుకుంటున్నారు, ఒకాయన ఆవలిస్తున్నాడు. కమిటీ అధ్యక్షుడు లేచి, నివేదికనూ దాని అనుబంధాలనూ సభ ముందు ఉంచుతున్నాను అని ఒక్క ముక్క చదివి కూర్చున్నాడు. రెండేళ్లు మూసిన తలుపు అంత సులువుగా తెరుచుకుంది. అత్త గట్టిగా, "గింతేనా?" అంది. గ్యాలరీలో పోలీసు గదిమాడు.

ఇక ఆ కాగితం అందరిదీ అట. సాయంత్రానికే మేడం కాపీ తెచ్చింది. బస్సులో చదివాను. పేర్లన్నీ నల్లగా పూసేశారు. ఏడో సాక్షి: 'హోల్ వాచ్‌గా పనిచేసిన వ్యక్తి.' ఎవరో తెలియలేదు. చదువుతూ పోతే, "ఆ పొద్దున మేమిద్దరం ఒకే గిన్నెలో తిన్నాం" అని ఉంది. అక్కడ తెలిసింది అన్నా, ఆయనతో ఒకే గిన్నెలో తినేది నువ్వే కదా. బస్సులో అందరూ చూస్తుండగా గిన్నెకోడిలాగే అరిచి ఏడ్చాను.

అత్తకు మొత్తం చదివి వినిపించాను. రెండుసార్లు చదివించుకుంది. "వాన్ని అన్న నోరు కాలిపోను" అని చెంపలు వేసుకుంది. నీ మేనకోడలు బడికి ఆ కాపీ తీసుకుపోయి టీచరుకు చూపించి వచ్చింది.

నీ పేరు ఎక్కడా లేదు, భయపడకు. నల్లరంగు ఎంత దట్టంగా పూశారంటే వెలుగుకు పట్టుకుని చూసినా కనపడదు. పేపరు వాళ్లు కూడా జాగ్రత్తగా 'హోల్ వాచ్ సాక్ష్యం' అనే పెద్ద అక్షరాలతో వేశారు గానీ పేరు వేయలేదు. ఆ ముక్క కత్తిరించి ఇందులో పెడుతున్నాను, చూసుకో. కంపెనీ మీద కేసు మళ్లీ తెరుస్తామని మేడం అంటోంది.

నిన్ను అనుమానించాను. ఇంటికి రావద్దని రాశాను. ఆ ఉత్తరం చించెయ్యి అన్నా.

నీ చెల్లె,
గిన్నెకోడి

కవరు అంటించాక పేపరు ముక్క బయటే ఉండిపోయింది. మళ్లీ విప్పి పెడుతున్నాను. జనవరిలోనూ ఇంతే, డ్యూటీ సంగతి మరిచిపోయి విప్పాల్సి వచ్చింది. ఇస్మాయిల్ నవ్వుతున్నాడు.


యాన్బు
ఏప్రిల్ 18, శుక్రవారం

ఎండ బాగా ముదిరింది. గాలి లేదు. పొద్దున నీళ్ల డబ్బాలు కడిగి బోర్లించాను. చొక్కాలకు గుండీలు కుట్టాను.

చెల్లె భాగ్యలక్ష్మీ,

ఇస్మాయిల్ నిన్న వచ్చాడు. నీ ఉత్తరం అందింది. కవరు విప్పింది నువ్వేనని చదివాక అతని ముఖం చూడలేకపోయాను. చాయ్ తాగి వెళ్లమన్నాను. తాగి వెళ్లాడు.

చదివాను. ఖాసింకు కూడా చదివి వినిపించాను. అమ్మాయి ఆ కాగితం బడికి తీసుకుపోయిన చోట ఆగి, మళ్లీ చదవమన్నాడు. నువ్వు చేసింది సరైన పనే. ఎవరు ఏమన్నా ఈ మాట గుర్తుంచుకో. ముత్యవ్వను చెంపలు వేసుకోవద్దను.

నేను ఉత్తరం రాయకపోవడానికి ప్రత్యేకంగా కారణమేమీ లేదు. పని ఎక్కువై రాయలేదు. అభ్యంతరం ఉంటే రాసేవాణ్నే కదా.

ఇంకొక చిన్న సంగతి. అంజన్న సామాను బరువు ఎక్కువైందని కార్టన్‌ను ఓడ కార్గోలో వేశాడట. నీ దుప్పటి అందులోనే ఉంది. వచ్చే నెలలో ఇంటికి చేరుతుంది. దుప్పటి మంచిది, వాడుకో. దాని మడతలో ఒక కవరు ఉంటుంది. అది పాతది. ఇప్పుడు దానితో పనిలేదు. విప్పకుండా పొయ్యిలో వెయ్యి. గిన్నెకోడీ, ఈ ఒక్కటి నా మాట విను. నువ్వు అడిగిన ప్రతిదానికీ జవాబు ఆ పేపరులోనే వచ్చింది. కవరులో కొత్త మాటేమీ లేదు.

పేపరు ముక్క నువ్వు పంపకముందే ఇక్కడికి ఫోన్లలో వచ్చింది. మెస్‌లో ఒకడు పైకి చదివాడు. అందరూ విన్నారు. నేను అన్నం పెట్టించుకుని వచ్చేశాను. ఎగ్జిట్‌కు పెట్టాను. ఆఫీసులో, "షుఫ్, దేఖేంగే" అని, చూద్దాం తర్వాత రమ్మన్నారు. నిన్న ఆఫీసు పిల్లవాడు గదులన్నీ తిరిగి, నాగేందర్ పోయిన రోజు ఆ ట్యాంకు దగ్గర ఎవరెవరు పనిచేశారని అడిగి పోయాడు. మామూలుగా అడుగుతుంటారు. నువ్వేమీ అనుకోకు.

ఖాసిం ఈ రోజే సెలవు మీద బయలుదేరుతున్నాడు. స్నానం చేసి వస్తానని కిందికి వెళ్లాడు. వచ్చేసరికి ఇది ఎంతవరకు అయితే అంతవరకే ఇచ్చెయ్యమన్నాడు. కవరు మీద నీ పేరు ముందే రాసి పెట్టాను.

తలుపు కొడుతున్నారు. ఖాసిం అయితే కొట్టడు, కింది నుంచే పేరు పెట్టి పిలుస్తాడు.

మిగతా సంగతులు మామూలే. మధ్యాహ్నానికి చింతపండు నానబెట్టాను. బకెట్లో పని బట్టలు నానేశాను, వాటిని